హోలోగ్రామ్ ఫోన్ కోసం ఆగాలా? తెర సంగతి, స్టోరేజీ సంగతి తేల్చండి

విభాగం: మొబైళ్ళు, గాడ్జెట్లు

రాజోలు_రవి | శనివారం, ఉదయం 10:14

అందరికీ నమస్తే అండి. నా ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది, ఈ నెలలో మార్చక తప్పదు. మా బాబాయి గారబ్బాయి మాత్రం "ఇప్పుడు కొనకు, హోలోగ్రామ్ ఫోన్లు వచ్చేస్తున్నాయి" అని ఒకటే పోరు. వాడు పంపిన వీడియోలో ఫోన్‌ని బల్ల మీద పడుకోబెడితే, దాని పైన గాలిలో జానెడు మనిషి లేచి నిలబడి మాట్లాడేస్తున్నాడు. మెమరీ కూడా హోలోగ్రామే అవుతుందట, ఓ చిన్న గాజుముక్కలో టెరాబైట్లు పడతాయట.

నా ప్రశ్నలు రెండు. గాలిలో బొమ్మ లేచే ఫోన్ నిజంగా వస్తోందా? ఆ హోలోగ్రాఫిక్ స్టోరేజీ అనేది అసలుందా, లేక అదీ కట్టుకథేనా? లింకులు పడేసి వెళ్ళిపోకుండా కాస్త విడమరిచి చెప్పండి, పుణ్యం ఉంటుంది.

సెల్‌పాయింట్_బాషా | శనివారం, ఉదయం 10:31

రవీ, ముందు ఆ ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టొద్దప్పా. ఉబ్బిన బ్యాటరీని నొక్కొద్దు, నువ్వే పీకాలని చూడొద్దు. దగ్గరున్న షాపులో ఇచ్చి తీయించెయ్.

ఇంక హోలోగ్రామ్ అంటావా, మాది కర్నూల్లో రిపేరు షాపు, నాకు తెలిసిన హోలోగ్రామ్ బాక్సుల మీద అంటించే మెరుపు స్టిక్కరే. దానికీ డూప్లికేటు వస్తాండాది. పాత సీడీ డబ్బా కోసి, నాలుగు పలకలతో గోపురం మాదిరి అతికించి, ఫోన్ మీద బోర్లించి బొమ్మ చూపిస్తారు చూడు, అది మా వాడు స్కూల్లో సైన్స్ ఫేర్‌కి చేసుకుపోయినాడు. దానికి కొత్త ఫోన్ అక్కర్లేదు.

ఆప్టిక్స్_పిచ్చోడు | శనివారం, ఉదయం 11:48

లేజర్ ల్యాబ్‌లో రీసెర్చ్ స్కాలర్‌ని, నా పని ఇదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఆ వీడియో గ్రాఫిక్స్. దాన్ని కనిపెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. మన కంటికి ఏదైనా కనిపించాలంటే వెలుగు వచ్చి కంట్లో పడాలి. బల్ల మీద వెల్లకిలా పడుకున్న ఫోన్ నుంచి వెలుగు పైకి పోతుంది. పక్కన కుర్చీలో కూర్చున్న నీ వైపు దాన్ని మళ్ళించాలంటే మధ్యలో ఏదో ఒకటి ఉండాలి: పొగ, నీటి తుంపర, గాజు, ఏదైనా సరే. ఖాళీ గాలి ఆ పని చేయదు. నిజమైన హోలోగ్రామ్‌లోనూ బొమ్మ పలక ముందుకు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది, కానీ నీ చూపు మాత్రం ఆ బొమ్మ మీదుగా వెళ్ళి పలకనే తాకాలి. పలక అంచు దాటి చూపు పక్కకి పోతే బొమ్మ తెగిపోతుంది. కాబట్టి "ఫోన్ పడుకుని ఉంటే పక్కనుంచి గాలిలో నిలబడ్డ మనిషి కనిపించడం" అనేది ఏ కంపెనీ వచ్చినా జరగదు. వచ్చే ఏడాదీ జరగదు, ఆపై ఏడాదీ జరగదు.

బాషా అన్న చెప్పిన గోపురం 1862 నాటి పెప్పర్ ఘోస్ట్. లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ స్టేజీ మీద వాలుగా గాజుపలక నిలబెట్టి దెయ్యాన్ని చూపించాడు. 2014 ఎన్నికల ప్రచారంలో ఊరూరా స్టేజీల మీద కనిపించిన "హోలోగ్రామ్ ప్రసంగాలు" కూడా ఇదే పద్ధతి, గాజు బదులు పల్చటి పారదర్శక ఫిల్మ్. 2022 జనవరి 23న ఇండియా గేట్ దగ్గర ఆవిష్కరించిన నేతాజీ హోలోగ్రామ్ విగ్రహం గుర్తుందా? 28 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు. 30,000 ల్యూమెన్ల 4కే ప్రొజెక్టర్‌తో, 90 శాతం పారదర్శకమైన తెర మీద వేశారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ దాన్ని కుదించి జేబులో పెట్టుకోవడం కుదరదు.

హనుమకొండ_కోడర్ | శనివారం, మధ్యాహ్నం 12:05

ఆ హోలోగ్రామ్ తీసేసి అదే సంవత్సరం సెప్టెంబర్ల పెట్టిన అసలు విగ్రహం రాయి మన ఖమ్మంది అన్నా! 280 టన్నుల గ్రానైట్ బండ, 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు పోయింది ఢిల్లీకి. వెలుగును ఢిల్లీలనే పుట్టించిన్రు గానీ రాయికి మాత్రం మన దగ్గరికే రావాల్సి వచ్చింది 😄

గోదావరి_మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 3:20

ముప్పై ఏళ్ళకు పైగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన ప్రాణం, ఊరుకోలేక వస్తున్నాను. ఏది కాదో చెప్పారు, సంతోషం. ఏది అవునో కూడా ఒక్క ముక్క చెబుదాం.

మామూలు ఫోటోలో ప్రతి చోటా ఎంత వెలుగు పడిందన్నదే నమోదవుతుంది. ఆ కాంతి తరంగం ఏ దశలో వచ్చి తాకిందన్న సంగతి పోతుంది. లోతు సమాచారమంతా ఆ దశలోనే ఉంటుంది. డెనిస్ గాబోర్ అనే హంగేరీ దేశస్థుడు ఇంగ్లండులోని రగ్బీ పట్టణంలో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మలు స్పష్టంగా రావడం లేదని తల పట్టుకుని కూర్చున్నప్పుడు, 1947లో ఆయనకీ ఆలోచన వచ్చింది. వస్తువు నుంచి వచ్చే తరంగాన్ని, ఏ మార్పూ లేని ఇంకో తరంగంతో కలిపి, ఆ రెండూ పెనవేసుకున్నప్పుడు పడే సన్నని చారల్ని ఫిల్మ్ మీద పట్టేస్తే సరి. తర్వాత ఆ రెండో తరంగాన్ని ఒక్కదాన్నే ఆ చారల మీద వేస్తే మొదటి తరంగం మళ్ళీ పుడుతుంది. వస్తువు అక్కడ లేకపోయినా కన్ను ఉందనే నమ్ముతుంది.

ఆలోచన వచ్చింది గానీ, అందుకు తగిన వెలుగు అప్పటికి లేదు. 1960లో లేజర్ వచ్చాక, 1962 ప్రాంతంలో అమెరికాలో లీత్, ఉపాట్‌నీక్స్, రష్యాలో డెనిస్యూక్ ఎవరి దారిన వారు దీన్ని నిజం చేసి చూపించారు. గాబోర్‌కి నోబెల్ 1971లో వచ్చింది. ఇంకో తమాషా, హోలోగ్రామ్ పలక పగిలితే ఒక్కో ముక్కలోనూ పూర్తి దృశ్యమే ఉంటుంది, కాకపోతే చిన్న కిటికీలోంచి చూసినట్టు కోణం తగ్గుతుంది, మసక పెరుగుతుంది. స్టోరేజీ వాళ్ళు దీని మీద మనసు పడడానికి ఇదొక కారణం. ఎక్కడో ఒక చుక్క పాడైనంత మాత్రాన మొత్తం పేజీ పోదు.

రాజోలు_రవి | శనివారం, సాయంత్రం 5:02

ఆయ్, మాస్టారూ, ఇప్పుడు కొంచెం బుర్రకెక్కింది. అయితే స్టోరేజీ సంగతి నిజమేనంటారా?

డెన్వర్_బావ | ఆదివారం, ఉదయం 7:40

నిజమే రవీ. నిజమే కాదు, అమ్మకానికి సిద్ధమని ప్రకటించే దాకా వచ్చి చతికిలపడింది. కొలరాడోలో ఉంటాను, స్టోరేజీ రంగంలోనే ఉద్యోగం. ఈ కథ జరిగిన లాంగ్‌మాంట్ మా ఊరికి దగ్గరే, అందుకే దీని మీద ఇక్కడ కబుర్లు ఎక్కువ.

1963లో పోలరాయిడ్ అనే కెమెరాల కంపెనీలో పనిచేసే వాన్ హీర్డెన్ అనే ఆయన, ఘనపదార్థం ఉపరితలం మీద కాకుండా లోపలంతా డేటా రాయొచ్చని లెక్క కట్టి చూపించాడు. పద్ధతి ఇది: ఒక చిన్న తెర మీద పది లక్షల నలుపు తెలుపు గళ్ళు వేస్తారు, అదే ఒక పేజీ. ఒకే లేజర్‌ని రెండు పాయలు చేస్తారు, ఒక పాయ ఆ తెర గుండా వెళ్ళి పదార్థంలో రెండో పాయతో కలుస్తుంది, చారలు పడతాయి. రెండో పాయ కోణం పిసరంత మార్చి, అదే చోట ఇంకో పేజీ రాస్తారు. మళ్ళీ పిసరంత, మళ్ళీ ఇంకో పేజీ. తాటాకుల కట్టలో ఆకు తిప్పితే గానీ తర్వాతి ఆకు కనబడదు. ఇక్కడ ఆకులన్నీ ఒకే చోట ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి, ఏ కోణంలో వెలుగు వేస్తే ఆ ఆకు ఒక్కటే పైకి లేస్తుంది. పైగా హార్డ్ డిస్క్ ఒక్కో బిట్ వరసగా చదివితే, ఇది పేజీకి పేజీ ఒక్క దెబ్బలో చదివేస్తుంది.

బెల్ ల్యాబ్స్ వాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసి 2000లో ఇన్‌ఫేజ్ అనే కంపెనీని విడిగా పెట్టారు, లాంగ్‌మాంట్‌లో. వాళ్ళ సరుకు పేరు టాపెస్ట్రీ 300ఆర్. డిస్క్‌కి 300 జీబీ, సెకనుకి 20 ఎంబీ, ఒకసారి రాస్తే చెరపడానికి లేదు, 50 ఏళ్ళు చెక్కు చెదరదని హామీ. డ్రైవ్ ధర సుమారు 18,000 డాలర్లు, ఒక్కో డిస్క్ 180 డాలర్లు. ఇదిగో అదిగో అంటూ ఏటికేడు వాయిదా పడుతూ వచ్చింది. ఈలోగా 2007లో వచ్చిన ఎల్‌టీఓ-4 టేపు క్యాసెట్‌లో 800 జీబీ పట్టింది, వేగం సెకనుకి 120 ఎంబీ. ఇన్‌ఫేజ్ ప్రకటించిన వేగానికి ఆరింతలు! అందరూ ముసలిదైపోయిందనుకున్న టేపు దీన్ని మింగేసింది. 2010లో కంపెనీ మూతపడింది.

జపాన్‌లో ఆప్ట్‌వేర్ టెరాబైట్ డిస్క్ అంది. జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) 2009లో 500 జీబీ డిస్క్ ల్యాబ్‌లో చూపించింది. రెండూ అంగడి మొహం చూడలేదు.

హనుమకొండ_కోడర్ | ఆదివారం, ఉదయం 9:15

బావా, మంచిగ చెప్పినవ్. నేను కూసొని ఒక లెక్క చేసిన, మీరు చూసి చెప్పున్రి.

వాన్ హీర్డెన్ లెక్క ప్రకారం, కాంతి తరంగదైర్ఘ్యం పొడుగు, వెడల్పు, ఎత్తు ఉన్న చిన్న డబ్బాకు ఒక బిట్ అనుకోవాలె. అర మైక్రాన్, అంటే మిల్లీమీటర్‌ల రెండు వేలో వంతు, తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి తీసుకుంటే ఒక ఘనపు సెంటీమీటర్‌ల 8 లక్షల కోట్ల బిట్లు, అంటే 1 టీబీ. పదార్థం లోపల తరంగదైర్ఘ్యం తగ్గుతది గదా, వక్రీభవన గుణకం 1.5 అనుకుంటే 3.4 టీబీ. నీలి లేజర్, 405 నానోమీటర్లది వాడితే 6 టీబీ దాటుతది. గది కాగితం మీది గరిష్ఠం.

ఇగ మైక్రో ఎస్‌డీ కార్డు. 15 మిల్లీమీటర్లు, 11 మిల్లీమీటర్లు, మందం 1 మిల్లీమీటర్. అంటే 0.165 ఘనపు సెంటీమీటర్. 2019లనే 1 టీబీ కార్డు అమ్మకానికి వచ్చింది. భాగిస్తే ఘనపు సెంటీమీటర్‌కు 6 టీబీ. 2022ల మైక్రాన్ అనే చిప్పుల కంపెనీ 1.5 టీబీ కార్డు ప్రకటించింది, గది 9 టీబీ! అంటే హోలోగ్రామ్ ఎన్నడన్నా చేరాలనుకున్న కొసను ఈ గోరంత ప్లాస్టిక్ ముక్క ఎప్పుడో దాటేసింది. దుకాణంల దొరుకుతున్న వస్తువు పుస్తకంల ఉన్న హద్దును కొట్టింది.

ఆప్టిక్స్_పిచ్చోడు | ఆదివారం, ఉదయం 10:50

లెక్క తప్పు పట్టను. ఒక్క సవరణ: అది ఎన్ని "గదులు" ఉన్నాయన్న లెక్క. ఒక్కో గదిలో నలుపు, తెలుపు మాత్రమే కాకుండా మధ్యలో బూడిద రంగు మెట్లు కూడా రాస్తే బిట్లు పెరుగుతాయి. కాబట్టి అది రాతిలో చెక్కిన హద్దు కాదు.

కానీ అసలు పదార్థాలు ఆ హద్దు దరిదాపులకి కూడా రాలేదు, దానికి కారణం మరొకటి. ఒకే చోట పేజీల సంఖ్య రెట్టింపు చేస్తే, ఒక్కో పేజీ చదివేటప్పుడు వచ్చే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. పది రెట్లు చేస్తే నూరో వంతు. కొంతసేపటికి కెమెరాకి పేజీ ఏదో, చెల్లాచెదురైన వెలుగు ఏదో తెలియదు. ఇక ఫోటోపాలిమర్ అనే ప్లాస్టిక్ రాసేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. చారల మధ్య దూరం మారితే కోణం మారుతుంది, పేజీ దొరకదు. గది వేడెక్కినా అంతే. ఇన్‌ఫేజ్ వాళ్ళు ఉష్ణోగ్రతను బట్టి రంగు కొద్దికొద్దిగా మార్చుకునే లేజర్ పెట్టాల్సి వచ్చింది. 18,000 డాలర్లు ఊరికే కాదు.

సెల్‌పాయింట్_బాషా | ఆదివారం, మధ్యాహ్నం 12:30

అంటే రాసేటప్పుడు కదిలితే కూడా పోతాదా?

ఆప్టిక్స్_పిచ్చోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:41

పోతుంది అన్నా. చారలు మైక్రాన్ కంటే సన్నం. రాసే క్షణంలో రెండు లేజర్ పాయల దారి తరంగదైర్ఘ్యంలో పదో వంతు తేడా వచ్చినా చారలు మసకబారతాయి. చిన్న పల్స్‌తో రాస్తే కొంత నయం, కానీ అంత శక్తి ఫోన్‌లో పట్టే లేజర్‌కి ఉండదు.

సెల్‌పాయింట్_బాషా | ఆదివారం, మధ్యాహ్నం 12:55

సరిపోయింది పో. మా షాపుకొచ్చే ఫోన్లు బైకు హ్యాండిల్‌కి కట్టుకుని డెలివరీకి తిరిగేటివి. ఎండలో కాలి, వానలో తడిసి, గుంతల్లో ఎగిరెగిరి వస్తాయి. కెమెరాల్లో వణుకు ఆపే స్ప్రింగులే తట్టుకోలేక పోతాండాయి. వాటిల్లో నీ లేజర్లు, అద్దాలు, తిరిగే డిస్కులు యాడ పెడతావ్ సామీ.

రేపటి_మనిషి | ఆదివారం, రాత్రి 8:18

అందరూ కలిసి శవపేటికకి మేకులు కొట్టేస్తున్నారు, కాస్త ఆగండి. 2020లో మైక్రోసాఫ్ట్ హోలోగ్రాఫిక్ స్టోరేజీ ప్రాజెక్టు ప్రకటించింది, కేంబ్రిడ్జి రీసెర్చ్ ల్యాబ్‌లో. ప్లాస్టిక్ కాదు, లిథియం నియోబేట్ స్ఫటికం. చెరిపి మళ్ళీ రాయొచ్చు. తిరిగే భాగాలు లేకుండా చేయాలన్నది వాళ్ళ లక్ష్యం. అంతకు ముందు ఎవరూ సాధించిన దానికంటే 1.8 రెట్లు సాంద్రత సాధించామన్నారు. పోయిందనుకున్న టెక్నాలజీ తిరిగి రావడం కొత్తేం కాదు, టచ్ స్క్రీన్లూ అలాగే వచ్చాయి.

గాజుపలకలో సినిమా దాచారుగా? ఆ వీడియోలో గాజుముక్క మాట వచ్చింది అదే అయ్యుంటుంది.

డెన్వర్_బావ | సోమవారం, ఉదయం 6:55

ఆ గాజు సంగతి వేరే అండి. అది ప్రాజెక్ట్ సిలికా, అదీ మైక్రోసాఫ్ట్‌దే కాబట్టి అందరూ కలిపేస్తున్నారు. 2019లో 7.5 సెంటీమీటర్ల చదరపు గాజుపలకలో, 2 మిల్లీమీటర్ల మందం, 1978 నాటి సూపర్‌మ్యాన్ సినిమా దాచారు. 75.6 జీబీ. అందులో ఫెమ్టోసెకండ్ లేజర్‌తో గాజు లోపల సూక్ష్మమైన గుర్తులు చెక్కుతారు. హోలోగ్రామ్ కాదు. చదవడానికి మైక్రోస్కోపు కావాలి.

మీరు చెప్పిన స్ఫటికం ప్రాజెక్టులో నాకు నచ్చిన విషయం వేరే ఉంది. ఇన్‌ఫేజ్ కాలంలో అద్దాలు, కెమెరా అణువంత తేడా లేకుండా అమర్చాల్సి వచ్చేది, ఖర్చంతా అక్కడే పోయేది. మైక్రోసాఫ్ట్ వాళ్ళు స్మార్ట్‌ఫోన్ల పుణ్యమా అని చవకైన హై రిజల్యూషన్ కెమెరా సెన్సర్లు పెట్టి, పేజీ వంకరగా వచ్చినా సాఫ్ట్‌వేర్‌తో, మెషిన్ లెర్నింగ్‌తో సరిచేసుకుందామన్నారు. ఫోన్ కోసం హోలోగ్రామ్ స్టోరేజీ రాలేదు గానీ, హోలోగ్రామ్ స్టోరేజీకి ఫోన్ ముక్కలు పనికొచ్చాయి. అయితే అదంతా డేటా సెంటర్ కోసం. రవి జేబు కోసం కాదు. చదివినకొద్దీ ఆ స్ఫటికంలో డేటా నెమ్మదిగా చెరిగే గుణం కూడా ఉంది, దాని బాధ దానిది.

రాజోలు_రవి | సోమవారం, ఉదయం 9:30

స్టోరేజీ తేలిపోయిందండి. మరి తెర? గాలిలో లేవకపోతే పోనీ, తెరలోనే లోతుగా కనిపించే ఫోన్ ఎవరూ చేయలేదా?

రేపటి_మనిషి | సోమవారం, ఉదయం 10:12

చేశారు. 2011లోనే ఎల్‌జీ, హెచ్‌టీసీ కళ్ళజోడు లేని త్రీడీ ఫోన్లు తెచ్చాయి. 2014లో అమెజాన్ ఫైర్ ఫోన్ వచ్చింది, ముందు వైపు నాలుగు మూలలా నాలుగు కెమెరాలు, నీ తల ఎటు కదిలితే బొమ్మ అటు వాలుతుంది. ఆ ఫోన్ దెబ్బకి అమెజాన్ 17 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది. తర్వాత సినిమా కెమెరాల కంపెనీ రెడ్, హైడ్రోజన్ వన్ అని 2017లో ప్రకటించి 2018 నవంబర్‌లో విడుదల చేసింది. 1,295 డాలర్లు. ప్రచారంలో మొదటి నుంచీ "హోలోగ్రాఫిక్ డిస్‌ప్లే" అనే అన్నారు. ఏడాది తిరక్కుండానే ప్రాజెక్టు ఆపేశారు. అది ముందుగా వచ్చేసింది, అంతే. అప్పటికి అందులో చూడ్డానికి సరుకు లేదు.

ఆప్టిక్స్_పిచ్చోడు | సోమవారం, మధ్యాహ్నం 1:25

సరుకు లేకపోవడం నిజమే, కానీ అసలు అవి హోలోగ్రామ్‌లు కావు. ఎల్‌జీ, హెచ్‌టీసీ తెరల్లో ఉన్నవి రెండు కళ్ళకి రెండు బొమ్మలు పంచే సన్నని కటకటాలు. రెడ్ ఫోన్‌లోది లియా కంపెనీ తెర, హెచ్‌పీ ల్యాబ్స్‌లో పుట్టింది, 2013లో నేచర్ పత్రికలో పేపరు వచ్చింది. తెర వెనక వెలుతురు పలక మీద నానో గీతలు గీసి వెలుగును నాలుగు దిక్కులకి విడదీస్తారు. మంచి పనితనం. కానీ ఉన్న పిక్సెళ్ళనే నాలుగు వాటాలు వేస్తారు, కాబట్టి బొమ్మ నాణ్యత పడిపోతుంది. పైగా కన్ను చూపు నిలిపేది తెర మీదే, లోతు మాత్రం ఇంకెక్కడో ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ పేచీ వల్లే చాలామందికి తలనొప్పి.

నిజమైన హోలోగ్రామ్ తెర ఫోన్‌లో ఎందుకు లేదో చెప్తాను, కాగితం పెన్నూ తీసుకోండి. తెర మీది పిక్సెళ్ళు కాంతిని ఎంత పక్కకి వంచగలవన్నది పిక్సెల్ సైజు మీద ఆధారపడుతుంది. నీ ఫోన్‌లో అంగుళానికి 400 పిక్సెళ్ళు అనుకో, ఒక్కోటి 63 మైక్రాన్లు. దాంతో ఆకుపచ్చ కాంతిని వంచగలిగేది అర డిగ్రీ. అంటే తల వెంట్రుకవాసి కదిపితే బొమ్మ మాయం. ల్యాబ్‌లో మేము వాడే 8 మైక్రాన్ల పరికరానికి కూడా 4 డిగ్రీలు దాటదు. హాయిగా 60 డిగ్రీలు కావాలంటే పిక్సెల్ అర మైక్రాన్ ఉండాలి.

15 సెంటీమీటర్లు, 7 సెంటీమీటర్లు ఉన్న తెర నిండా అర మైక్రాన్ పిక్సెళ్ళు పేర్చండి. 3 లక్షలు అడ్డంగా, 1 లక్షా 40 వేలు నిలువుగా. మొత్తం 4,200 కోట్లు. ఇప్పుడు నీ ఫోన్‌లో ఉన్నవి సుమారు 26 లక్షలు. 16,000 రెట్లు! సెకనుకి 60 బొమ్మలు కావాలంటే, పిక్సెల్‌కి ఒక బైటు చొప్పున, సెకనుకి రెండున్నర టెరాబైట్లు ఆ తెరకి తోడుతూ ఉండాలి.

గోదావరి_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 2:08

రవి గారి రెండో ప్రశ్నకీ మొదటి ప్రశ్నకీ ముడి ఇక్కడ పడింది చూశారా. సెకనుకి రెండున్నర టెరాబైట్లంటే, కోడర్ గారు చెప్పిన ఆ గోరంత 1 టీబీ కార్డు అర సెకను బొమ్మకి కూడా చాలదు.

హనుమకొండ_కోడర్ | సోమవారం, సాయంత్రం 6:40

దాచుడు అవసరం లేదు మాస్టారూ, ఎప్పటికప్పుడు లెక్క కట్టుడే. మామూలు రంగు బొమ్మ, దానితోని లోతు పటం, ఈ రెండు ఇస్తే చాలు, చారలు ఎట్ల పడాల్నో ఫోనే లెక్కిస్తది. గదే కష్టం ఉండె ఇన్నాళ్ళు. 2021ల ఎంఐటీ వాళ్ళు టెన్సర్ హోలోగ్రఫీ అని నేచర్‌ల పేపరిచ్చిన్రు. న్యూరల్ నెట్‌వర్క్ సైజు 620 కేబీ కన్న తక్కువ, వాట్సాప్‌ల వచ్చే గుడ్‌మార్నింగ్ ఫోటో అంత. పెద్ద గ్రాఫిక్స్ కార్డు మీద సెకనుకు 60 బొమ్మలు, ఐఫోన్ 11 ప్రో మీద సెకనుకు ఒకటి. అప్పటి ఫోన్ అది. చిప్పుల వేగం పెరుగుతనే ఉంది, కాబట్టి లెక్క దిక్కు నుంచి నాకు భయం లేదు. కానీ ఆప్టిక్స్ అన్న చెప్పిన 4,200 కోట్ల పిక్సెళ్ళు ఎవరు తయారు చేస్తరు? గది సాఫ్ట్‌వేర్‌తోని అయ్యేది కాదు.

రేపటి_మనిషి | సోమవారం, రాత్రి 9:03

శాంసంగ్ 2020లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో చూపించింది కదా, పలక ఆకారంలోనే హోలోగ్రామ్ వీడియో, 4కే, సెకనుకి 30 బొమ్మలు. దానికేమంటారు?

ఆప్టిక్స్_పిచ్చోడు | సోమవారం, రాత్రి 10:17

మంచి పని అంటాను. వాళ్ళు పిక్సెళ్ళు పెంచలేదు, దొంగదారి వెతికారు. వెనక వెలుతురునే అటూ ఇటూ వంచుతూ, మనిషి కళ్ళు ఎక్కడుంటే ఆ సన్నని కాంతి కిటికీని అక్కడికి తీసుకెళ్ళారు. దాంతో చూడగలిగే కోణం 30 రెట్లు పెరిగింది. కానీ చూసేది ఒక్కరే. పక్కన కూర్చున్న మీ ఆవిడకి ఖాళీ తెరే.

ఇక్కడే ఒక్క అడుగు ముందుకేసి ఆలోచించండి. కన్ను ఎక్కడుందో వెతికి దానికే వెలుగు పంపేటప్పుడు, కన్ను అంత దూరంలో ఎందుకు ఉండాలి? తెరని కంటి దగ్గరికే తీసుకొస్తే అన్ని కోట్ల పిక్సెళ్ళతో పని లేదు, కంటిపాప ముందు చిన్న కిటికీ చాలు. ఫోన్ ల్యాబ్‌లలో హోలోగ్రఫీ తెలిసిన వాళ్ళు కళ్ళజోళ్ళ వైపు మళ్ళింది ఇందుకే. 2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు మామూలు కళ్ళజోడు అద్దమంత పలకలో రంగుల త్రీడీ హోలోగ్రామ్ చూపించారు, అదీ నేచర్‌లోనే. ఇంకా ల్యాబ్ సరుకే. మైక్రోసాఫ్ట్ వాళ్ళ కళ్ళజోడు హోలోలెన్స్‌ని మాత్రం ఉదాహరణగా తేవద్దు. అందులో గాజు మీద చెక్కిన గీతలు మామూలు బొమ్మనే కంటికి చేరవేస్తాయి, హోలోగ్రామ్ లేదు.

డెన్వర్_బావ | మంగళవారం, ఉదయం 7:10

ఆప్టిక్స్ తమ్ముడు ఆ మాట అంటాడనే కాచుకుని కూర్చున్నాను. ఇన్‌ఫేజ్ కథ సగమే చెప్పాను.

2010లో మూతపడిందన్నానా. 2012లో దాని ఆస్తులు అకోనియా హోలోగ్రాఫిక్స్ అనే కొత్త కంపెనీ చేతికొచ్చాయి, అదే లాంగ్‌మాంట్‌లో. ముందు వాళ్ళూ స్టోరేజీయే చేద్దామనుకున్నారు. అయితే వాళ్ళ చేతిలో ఉన్న అసలు ఆస్తి డ్రైవ్ కాదు, ఆ ఫోటోపాలిమర్. ఒకే చోట వందల చారల వరసలు ఒకదానిలో ఒకటి రాసినా కలగాపులగం కాకుండా నిలబెట్టుకునే ప్లాస్టిక్ అది, కుంచించుకుపోకుండా దాన్ని సానబెట్టడానికే ఏళ్ళు పట్టాయి. డేటా పేజీ బదులు అద్దం పనిచేసే చారలు రాస్తే? ఒక కోణంలో, ఒక రంగులో వచ్చిన వెలుగును మాత్రమే కంటి వైపు తిప్పి, మిగతా ప్రపంచాన్నంతా దాటిపోనిచ్చే పారదర్శకమైన అద్దం తయారవుతుంది. దానికి హోలోమిర్రర్ అని పేరు పెట్టారు. స్టోరేజీ వదిలేసి కళ్ళజోడు అద్దాలకి మళ్ళారు. 2018లో యాపిల్ ఆ కంపెనీని కొనేసింది.

ఈ ఫిల్మ్‌కి తోబుట్టువుల్లాంటివి ఇంకొన్ని వచ్చాయి. సోనీ 2015లో అమ్మిన స్మార్ట్ ఐగ్లాస్‌లో హోలోగ్రామ్ పొరే వెలుగును కంటికి చేర్చేది, ఆకుపచ్చ రంగు ఒక్కటే. కెనడాలో నార్త్ అనే కంపెనీ 2019లో ఫోకల్స్ అని అమ్మింది, అందులోనూ కటకంలో హోలోగ్రామ్ పొర. దాన్ని 2020లో గూగుల్ కొనుక్కుంది.

నా దృష్టిలో రవి అడిగిన రెండు ప్రశ్నలకి ఇదే జవాబు. డేటా దాచడానికి తయారుచేసిన ప్లాస్టిక్, డేటా పోటీలో టేపుకీ ఫ్లాష్‌కీ ఓడిపోయి, బొమ్మ చూపించే అద్దమైంది. ఫోన్‌లోకి రాలేదు. ఫోన్‌కి జతగా ముక్కు మీదికి వస్తుంది.

రేపటి_మనిషి | మంగళవారం, ఉదయం 9:44

ఈ అకోనియా సంగతి నాకు కొత్త బావగారూ. అయినా చేతిలో పట్టుకునే తెర మీద నా ఆశ చావలేదు. ఒక్కరికే కనిపిస్తే నష్టమేముంది, ఫోన్ చూసేది ఒక్కరేగా! బస్సులో పక్కవాడు తొంగిచూడకుండా ఉంటాడు.

సెల్‌పాయింట్_బాషా | మంగళవారం, ఉదయం 10:05

దానికి ప్రైవసీ గ్లాసు ఉండాది కదన్నా, మా షాపులో వేస్తాను 😄

రవీ, నువ్వు ఆగొద్దు, ఫోన్ కొనుక్కో. కార్డు స్లాట్ ఉండేది చూసుకో, ఇప్పుడు చాలా వాటిల్లో తీసేస్తాండారు. కార్డు కొనేటప్పుడు మాత్రం తక్కువ ధరకి టెరాబైట్ అన్నాడంటే నమ్మాకు. అది 32 జీబీ కార్డు, ఫోన్‌లో చూస్తే 1 టీబీ అని చూపించేటట్టు మార్చి ఉంటారు. 32 నిండినాక పాత ఫోటోల మీదనే కొత్తవి ఎక్కిస్తాది. కొన్న వెంటనే పెద్ద ఫైళ్ళు నిండా కాపీ చేసి, మళ్ళీ తెరిచి చూసుకో.

రాజోలు_రవి | మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఆయ్, అలాగే బాషా అన్నా. ఈ ఆదివారం అమలాపురం వెళ్ళి కొనేస్తాను. మా తమ్ముడికి ఈ చర్చంతా పంపించాను, చదివి "అయితే కళ్ళజోడు కోసం ఆగుదాం" అన్నాడు. వాడికి చూపు బాగానే ఉందండి మరి.

గోదావరి_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 4:35

ఆప్టిక్స్ గారూ, మీకొక విన్నపం. మా ఊరి హైస్కూలు పిల్లలకి స్టిక్కరు, గోపురం కాకుండా నిజమైన హోలోగ్రామ్ ఒక్కటైనా చేసి చూపించాలని ఉంది. ఎరుపు డయోడ్ లేజర్ ఉంది, కడగనక్కర్లేని ఫోటోపాలిమర్ పలకలు తెప్పించుకోగలను. వైబ్రేషన్ పడని బల్ల మాత్రం మా వల్ల కాదు, స్కూలు పక్కనుంచే ఇసుక లారీలు పోతాయి.

ఆప్టిక్స్_పిచ్చోడు | మంగళవారం, రాత్రి 9:50

తప్పకుండా చేద్దాం మాస్టారూ. ఖరీదైన బల్ల అక్కర్లేదు. కింది అంతస్తులో, సిమెంటు నేల మీద, సగం గాలి ఉన్న స్కూటర్ ట్యూబులు రెండు పరిచి, వాటి మీద బరువైన పలక, పలక మీద ఇసుక నింపిన పెట్టె పెట్టండి. 1970ల్లో చాలామంది హోలోగ్రఫీ నేర్చుకుంది ఇసుక పెట్టెల మీదే. లేజర్‌ని, పలకని ఇసుకలో గుచ్చండి. లేజర్ ముందున్న కటకం తీసేయండి, కాంతి దానంతటదే పరుచుకుంటుంది.

వస్తువుగా నాణెమో, గవ్వో, గట్టిది, మెరిసేది పెట్టండి. పూలు, గుడ్డ, ప్లాస్టిక్ బొమ్మలు వద్దు, అవి మనకి తెలియకుండానే కదులుతుంటాయి. పలకని నాణెం మీద ఆనించి పెట్టండి, డెనిస్యూక్ పద్ధతి అదే, లేజర్ పలకలోంచి దాటి నాణెం మీద పడి వెనక్కి రావాలి. లేజర్ వేశాక ముందు పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి, అట్టముక్క అడ్డం పెట్టి. తర్వాత ఫ్యాన్ ఆపి, పిల్లల్ని మాట్లాడకుండా గోడ వారగా కూర్చోబెట్టి, అట్ట తీసి పలకల పెట్టె మీద రాసినంత సేపు ఉంచండి. లారీ చప్పుడు వినబడితే అట్ట మళ్ళీ అడ్డం పెట్టేయండి. రాత్రి ఎనిమిది తర్వాత పెట్టుకుంటే ఇంకా మేలు. లేజర్ పవర్ ఎంతో దాని మీద రాసి ఉంటుంది, ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. 5 మిల్లీవాట్లు దాటితే పిల్లల ముందు వాడొద్దు, వేరేది చూద్దాం.